తోకలో ముప్పై నాలుగో మాట

జనానికి వెతకడం రాదు. ఇరవై ఏళ్లుగా ఇదే చెబుతున్నాను, ఇప్పటికీ రాలేదు. కంప్యూటర్ ముందు కూర్చోగానే పక్కింటావిణ్ణి అడిగినట్టు అడుగుతారు, మా మేనమామ ఇప్పుడు ఎక్కడుంటున్నాడో కాస్త చెప్పగలరా అని. లక్షా ఎనభై వేల పేజీలు వచ్చి మీద పడతాయి. మొదటి మూడు చూసి, కళ్లు నులుముకుని, ఇంటర్నెట్‌లో ఏమీ లేదని తేల్చేస్తారు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఉంటుంది వాళ్ల వెతుకులాట.

నా పేరు వగ్దీ. అలెగ్జాండ్రియాలో మన్షియా చౌక్ వెనక, పాత భవనంలో నాలుగో అంతస్తు నా ఆఫీసు. పత్రికలవాళ్లకీ లాయర్లకీ, అప్పుడప్పుడు ఊళ్లోవాళ్లకీ కావలసింది వెతికిపెట్టడం నా పని. విలేకర్లకి పాఠాలు కూడా చెబుతాను. రెండు కోట్స్ మధ్య పెడితే ఆ మాటలు అదే వరసలో ఉన్న పేజీలే వస్తాయి. సైట్ అని రాసి పక్కన దేశం గుర్తు పెడితే వెతుకులాట ఆ దేశం గడప దాటదు. పీడీఎఫ్‌లే కావాలంటే ఆ ముక్క చెప్పాలి. ఫలానా తేదీకి ముందు, ఫలానా తేదీ తర్వాత అని కంచె వెయ్యొచ్చు. అన్నిటికంటే గొప్పది మైనస్. అక్కర్లేని మాట ముందు చిన్న గీత గీస్తే చాలు, ఆ మాట ఉన్న పేజీ ఏదీ మన ఛాయలకి రాదు. ఇంత చిన్న సంగతి నేర్చుకోవడానికి ఆరునెలలు తీసుకున్నవాణ్ణి నేనెరుగుదును. అతనిప్పుడు ఒక పత్రికకి ఎడిటర్.

నాకంటూ ఒక తోక ఉంది. నవ్వకండి, నా విద్యార్థులు పెట్టిన పేరే అది. ఇన్నేళ్లలో నన్ను విసిగించిన మాటలన్నీ, ఒక్కోదానికీ మైనస్ తగిలించి, వరసగా ఒక ఫైల్లో దాచుకున్నాను. నలభై ఒక్క మాటలు. అద్దె ఇళ్లు, కలల ఫలితాలు, ఫుట్‌బాల్, బరువు తగ్గే మందులు, ఇలాంటి చెత్త. ఏది వెతికినా చివర ఆ తోక అతికిస్తాను. చెత్త పోతుంది, సరుకు మిగులుతుంది. ఆ తోకలో ఏమేం ఉన్నాయో మళ్లీ చదివి చూసుకుని చాలా ఏళ్లయింది. అవసరం ఏముంది, రాసింది నేనే కదా.

పోయిన అక్టోబర్‌లో ఇన్‌షిరాహ్ అనే ఆవిడ తన తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. అన్‌ఫూషీలో చేపల రేవు దగ్గర వాళ్ల ఇల్లు. ఇన్‌షిరాహ్ బట్టలు కుడుతుంది. ఆవిడ తమ్ముడు మెత్వల్లీ, ఇరవై నాలుగేళ్లవాడు, పడవలు బాగుచేసే వడ్రంగి. యూరప్ చేరదామని సెప్టెంబర్ ఆఖర్న దొంగ పడవ ఎక్కాడు. పడవ గ్రీకు దీవుల దగ్గర మునిగింది. కొందరు బతికారు, కొందరు పోయారు, మెత్వల్లీ ఏమయ్యాడో తెలియలేదు. మా లిఫ్ట్ పనిచెయ్యదు కాబట్టి ఆ తల్లి నాలుగు అంతస్తులూ ఎక్కి వచ్చి, ఆయాసం తీరేదాకా మాట్లాడకుండా కూర్చుంది.

వాళ్ల చుట్టం ఒకతను గ్రీసులో పనిచేస్తున్నాడట. కాగితాలు నేను చూసుకుంటాను, ఫోటో పట్టుకుని రండి, ఒక్కో దీవిలో ఆస్పత్రులన్నీ తిరుగుదాం అన్నాడట. వెళ్లమంటారా అని ఇన్‌షిరాహ్ నన్ను అడిగింది. ఒక్క మాట కోసం వచ్చింది ఆ మనిషి. వెళ్లనా, మాననా.

ఆవిడ చెబుతుండగానే నేను వెతకడం అయిపోయింది. నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా.

"వీధి వీధీ తిరిగి అడగడానికి మీ తమ్ముడేమన్నా తప్పిపోయిన మేకా?" అన్నాను. "చూడమ్మా, గ్రీసు సైట్లన్నీ జల్లెడ పట్టాను. అతని పేరు ఎక్కడా లేదు. పేరు లేదంటే మనిషి లేడు. దండగ ప్రయాణం మానుకోండి."

తల్లి అప్పుడు నోరు విప్పింది. "ఇంకొక్కసారి చూడు నాయనా. వాడు మొండివాడు, అంత తేలిగ్గా పోయేవాడు కాదు."

ఆవిడ ముందే మళ్లీ వెతికాను. కోట్స్‌లో పేరు, గ్రీసు కంచె, తేదీల కంచె, చివర తోక. తెర ఆవిడ వైపు తిప్పాను. ఆవిడకి చదువు రాదు. మా అరబ్బీ అంకెల్లో సున్నా అంటే ఒక చుక్క. ఆ చుక్కని ఆవిడ చాలాసేపు చూసింది. నేను నా లెటర్‌హెడ్ మీద 'ఏ ఆచూకీ లేదు' అని రాసి సంతకం చేసి ఇచ్చాను. ఇన్‌షిరాహ్ ప్రయాణం మానుకుంది. ఆ శుక్రవారం అన్‌ఫూషీ మసీదులో, శవం లేకుండానే, పోయినవాడి నమాజు చదివించారని తర్వాత విన్నాను. చక్కగా ముగిసిన కేసు అనుకున్నాను.

ఇక నిన్నటి సంగతి. ఇరవై రెండో ఉపవాసం.

రంజాన్ నెలలో దయ్యాలకి సంకెళ్లు వేస్తారని మావాళ్ల నమ్మకం. మా వాచ్‌మన్ బషందీ బాబాయ్ మిగతా పదకొండు నెలలూ పొద్దు వాలితే రెండో అంతస్తు దాటి పైకి రాడు, రంజాన్‌లో మాత్రం ఏకంగా డాబా మీదే పడుకుంటాడు. సంకెళ్లు తుప్పు పట్టి ఉంటే ఏం చేస్తావు బాబాయ్ అని ఏటా అడుగుతాను. ఏటా నా వైపు జాలిగా చూస్తాడు.

ఇఫ్తార్‌కి ముందు గంట మా ఊళ్లో ఎలా ఉంటుందంటే, అప్పటిదాకా కొట్టుకు చచ్చిన ఊరు ఒక్కసారిగా ఇళ్లలోకి దూరిపోతుంది. ట్రామ్ ఖాళీగా పోతుంది. కొట్ల షట్టర్లు దిగిపోతాయి. నిన్న సముద్రం మీంచి గాలి గట్టిగా వీస్తోంది, కిటికీ చెక్కలు కొట్టుకుంటున్నాయి. కింది అంతస్తుల్లో ఎవరో మొలొఖియా ఆకు పులుసులో వెల్లుల్లి, ధనియాల తాలింపు వేశారు. ఆ ఘుమఘుమ మెట్ల మీదుగా పైకి వచ్చి నా కడుపుని వేధిస్తోంది. భవనం మొత్తం మీద పనిచేస్తున్నది నేనొక్కణ్ణే. మర్నాటి పాఠానికి ఉదాహరణలు సిద్ధం చేసుకుంటున్నాను.

సరిగ్గా వెతికితే సున్నా కూడా ఒక జవాబే, అని నేను పాఠంలో చెబుతాను. దానికి ఒక బొమ్మ కావలసి వచ్చింది. మెత్వల్లీ కేసు గుర్తొచ్చింది. అదే పేరు కోట్స్‌లో కొట్టాను, అవే కంచెలు వేశాను, తోక అతికించాను. మీట నొక్కాను.

ఒకటి.

కొత్త పేజీ ఏదో వచ్చి ఉంటుంది అనుకుని తెరిచాను. గ్రీకు దీవిలో ఒక ఆస్పత్రి దగ్గర సేవ చేసేవాళ్లు అరబ్బీలో పెట్టిన జాబితా అది. నాలుగు ముక్కలు. 'గుర్తు తెలియని పురుషుడు, పాతికేళ్ల లోపు. తలకి దెబ్బ. తన పేరు మెత్వల్లీ అంటున్నాడు, అలెగ్జాండ్రియా అంటున్నాడు, ఇంకేమీ గుర్తు లేదు. ఎవరైనా వచ్చి పోల్చుకోవాలి.' కింద తేదీ అక్టోబర్ ఒకటి. ఆ తల్లి నా మెట్లు ఎక్కడానికి వారం ముందు.

తోక తెరిచి చదివాను. ఇన్నేళ్ల తర్వాత, ఒక్కో మాటా. ముప్పై నాలుగోది, 'గుర్తు తెలియని'. ఎప్పుడో పెట్టాను. శవాల జాబితాలు వరదలా వచ్చి పడుతుంటే విసుగెత్తి పెట్టాను. పేరు లేనిది సమాచారమే కాదు అని పాఠాల్లో గొప్పగా చెప్పేవాణ్ణి కూడా. ఆ ఒక్క గీత నా కళ్లకి అడ్డంగా నిలబడి ఈ పేజీని ఆపింది. వాళ్లిద్దరూ నా ఎదురుగా కూర్చున్న రోజున, ఆ తల్లి చుక్కని చూస్తున్న రోజున, కొడుకు పేరు ఇక్కడే ఉంది.

ఇంకో సంగతి కాస్త ఆలస్యంగా తట్టింది. తోక ఇప్పుడూ ఉంది. ముప్పై నాలుగో మాట ఇప్పుడూ దాన్లోనే ఉంది. అలాంటప్పుడు ఈ పేజీ రాకూడదు.

నాకు మొదట వచ్చింది భయం కాదు, కోపం. యంత్రం నాకు పాఠం చెప్పడమేమిటి. ఆ సైట్ మొత్తాన్నీ మైనస్ చేశాను. మాయం కావాలి.

రెండు.

'ఆస్పత్రి' అన్న మాట తీసేశాను. మూడు. 'దెబ్బ' తీసేశాను. నాలుగు. పైన చూపించే మొత్తం ఎప్పుడూ ఉజ్జాయింపే, దాన్ని నమ్మేవాడు వెధవ అని నేనే చెబుతాను. అందుకని వేలు పెట్టి లెక్కపెట్టాను. నాలుగే ఉన్నాయి. మైనస్ పెట్టేకొద్దీ తగ్గాలి. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా పెరగలేదు. అయిదు... తొమ్మిది... నేను దేన్ని తోసేస్తే అది వచ్చి కూర్చుంటోంది.

అన్నీ అవే జాబితాలు, తేదీలు వేరు. ఒకదాన్లో, 'ఈ రోజు లేచి కూర్చున్నాడు. నా కోసం ఎవరైనా వచ్చారా అని అడిగాడు.' ఇంకోదాన్లో, 'రొట్టె తిన్నాడు. తలుపు వైపు తిరిగే పడుకుంటున్నాడు.' ఇంకోదాన్లో, 'జ్వరం. అడిగాడు. ఎవరూ రాలేదని చెప్పాం.' అట్టడుగున ఉన్నది తెరిచాను. దాని మీద ఆ రోజు తేదీయే ఉంది. ఒకే వాక్యం. 'ఎవరూ రాలేదు కాబట్టి తనే బయలుదేరాడు.'

బతికే ఉన్నాడు అనుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నాకు ప్రాణం లేచి వచ్చింది. పేజీ కింద ఉన్న నంబర్‌కి ఫోన్ చేశాను. ఒక ముసలావిడ ఎత్తింది, పేరు దెస్పినా అని చెప్పింది. ఒకప్పుడు మా ఊళ్లోనే పుట్టి పెరిగిన గ్రీకు మనిషి, మా యాసలోనే మాట్లాడింది. మెత్వల్లీ గురించి అడిగాను.

"ఆ పిల్లాడు నవంబర్ పదిన పోయాడు బాబూ," అంది. "నలభై రోజులున్నాడు. రోజూ సాయంత్రం, చూడ్డానికి వచ్చేవాళ్ల గంట కొట్టగానే దుప్పటి సర్దుకుని కూర్చునేవాడు."

ఈ రోజు తేదీతో కూడా రాశారు కదా అన్నాను. జాబితా ఆపేసి నాలుగు నెలలైంది, ఎవరు రాస్తారు అంది. కాన్సులేట్‌కి ఉత్తరాలు రాశారట, జవాబు లేదట. తర్వాత ఆవిడ మామూలు గొంతుతోనే అడిగింది. "రోజూ నెట్‌లో పెట్టాం కదా బాబూ. అలెగ్జాండ్రియాలో వెతకడం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరా?"

ఫోన్ పెట్టేశాను. ఇప్పుడు ఇన్‌షిరాహ్‌కి చెప్పాలి. నీ తమ్ముడు నలభై రోజులు నీ కోసం చూశాడు, నువ్వు బయలుదేరబోతే నేను నవ్వి ఆపాను అని చెప్పాలి. నంబర్ తీశాను. వేలు ఆగింది. ఎవరికి తెలుస్తుంది అనిపించింది. వాళ్లు ఏడ్చేది ఏడ్చేశారు, మానిన పుండు గెలకడం ఎందుకు అనిపించింది. ఇంత నీచమైన ఆలోచనకి దయ అనే ముసుగు వెయ్యడం నాకెంత సులువుగా వచ్చిందో చూడండి. ఊళ్లో అందరి బుద్ధినీ తూకం వేసేవాణ్ణి, నా బుద్ధి అక్కడ తేలింది.

అంతటితో ఆగలేదు. వెతికే పేరునే తీసెయ్యమనడం ఎంత తెలివితక్కువో మొదటి రోజు పాఠంలోనే చెబుతాను. అదే చేశాను. మెత్వల్లీ అన్న పేరు ముందు గీత పెట్టి మీట నొక్కాను.

తెర తెల్లగా అయిపోయింది. సున్నా కూడా లేదు.

వెల్లుల్లి వాసన పోయింది. ఎప్పుడు పోయిందో తెలీదు. దాని బదులు ఫినాయిల్ వాసన... దాని వెనక ఉప్పునీటి వాసన. గాలి ఆగింది. కిటికీ చెక్కలు కొట్టుకోవడం లేదు. ఎక్కడో కింద, మొదటి మెట్టు మీద, ఒక అడుగు పడింది.

బషందీ బాబాయ్ అనుకున్నాను. కానీ ఆయన చెప్పులు ఈడుస్తాడు. ఇవి వట్టి కాళ్లు. మెల్లగా... ఒక్కో మెట్టు దగ్గరా ఆగి... రోగం నుంచి లేచినవాడు ఎక్కినట్టు. రెండో అంతస్తు. మూడు. ఆగాయి. మళ్లీ మొదలయ్యాయి. నేను లేవలేదు. లేవలేకపోయాను.

నా తలుపు అవతల ఆగాయి. తలుపు చెక్కకి ఎవరో నుదురు ఆనించిన చప్పుడు. తర్వాత గుసగుస. కుర్రగొంతు, మర్యాదగా ఉంది.

"నా కోసం ఎవరైనా వచ్చారా?"

ఏం చెప్పినా బాగుండేది. తప్పు నాది అన్నా బాగుండేది. ఇరవై ఏళ్ల అలవాటు నా నోట్లోంచి తనంత తనే వచ్చింది.

"ఎవరూ లేరు," అన్నాను.

అవతల ఒక నిట్టూర్పు. తలుపు పిడి తిరిగింది... కోట వైపు ఫిరంగి పేలింది, ఇఫ్తార్ వేళ అయిందని.

తర్వాత నాకు తెలిసింది, నేను గది మధ్యలో నిలబడి ఉన్నానని. కిటికీ బయట చీకటి. వీధిలో పిల్లలు టపాకాయలు కాలుస్తున్నారు, కాఫీ హోటల్లో పాచికల చప్పుడు. గోడ గడియారంలో ఏడూ నలభై, ఫిరంగి పేలి గంటన్నర. తలుపు బార్లా తెరిచి ఉంది. చేతిలో ఫోన్ మోగుతోంది, ఇన్‌షిరాహ్ నంబర్‌కి. ఎప్పుడు నొక్కానో గుర్తు లేదు. ఆవిడ వెంటనే ఎత్తింది. ఏడ్చి ఏడ్చి తేలికపడిన గొంతు.

"ఏం మర్చిపోయారు ఉస్తాద్? ఇప్పుడేగా మెట్లు దిగారు."

ఎవరు దిగారు అన్నాను. ఆవిడ నేను మర్యాదకి అంటున్నాననుకుంది. ఫిరంగి పేలగానే నేను వాళ్ల తలుపు తట్టానట. అంతా చెప్పానట, జాబితా సంగతి, నలభై రోజుల సంగతి, నవ్విన సంగతి. మీ మీద ఉమ్మేద్దామనే లేచాను ఉస్తాద్, కానీ మీరు వచ్చి అమ్మ ఒళ్లో తల పెట్టి అలా ఏడుస్తుంటే చెయ్యి రాలేదు అంది. అమ్మే లేవదీసి, పళ్లెం ముందు కూర్చోబెట్టి, తన చేత్తో తినిపించిందట. నేను వింటూ కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాను. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఆకలి లేదు. నాలుక మీద వేయించిన చేప రుచి ఉంది.

అప్పుడు తల్లి ఫోన్ తీసుకుంది. గొంతు తగ్గించి, కూతురికి వినబడకుండా మాట్లాడింది.

"మొహం నీదే, కోటు నీదే. కానీ చేపముళ్లు తీసి పళ్లెం అంచున వరసగా పేర్చడం నా కొడుకు తప్ప ఇంకెవడూ చెయ్యడు. నేను కన్నవాణ్ణి నేను పోల్చుకోలేనా?"

ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"నిన్ను శపించను నాయనా. పండగ ఇంకా ఎనిమిది రోజులుంది. అన్ని రోజులూ ఈ వేళకి వాణ్ణి పంపు, చాలు," అంది. తర్వాత నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "వాడు ఇక్కడున్నంతసేపూ నువ్వెక్కడున్నావు?"

తెలీదు అనబోయాను. తెలుసు.

ఇనప మంచం. గోడ వారన. పైకప్పు మీద తడి మరక. గంట కొట్టగానే తలుపు తెరుచుకుంటుంది, మనుషులు పళ్లూ పూలూ పట్టుకుని వస్తారు, ఒక్కొక్కళ్లూ నా మంచం దాటి పోతారు. నేను దుప్పటి సర్దుకుని కూర్చుంటాను. పేరు అడిగితే వగ్దీ అని చెబుతాను, ధ్రువీకరణ లేదు అని రాసుకుంటారు. చీకటి పడుతుంది. మళ్లీ గంట. గంటన్నర కాదు అది. నేను లెక్కపెట్టాను, నాకు చేతనైంది లెక్కపెట్టడమే. నలభై సాయంత్రాలు.

ఇలాంటివి ఇంకా ఎనిమిది. ఫోన్‌లో ఆవిడ జవాబు కోసం ఊపిరి బిగబట్టి ఉంది. కుదరదు అనడానికి నాకు నోరెక్కడుంది.

"పంపుతానమ్మా," అన్నాను.

ఫోన్ పెట్టేసి, మొహం తుడుచుకుందామని చెంప మీద చెయ్యి వేశాను. పొద్దున్నే నున్నగా గీసుకున్న గడ్డం... అర అంగుళం పెరిగి ఉంది. అద్దం దగ్గరికి వెళ్లాను. నా గడ్డం తెల్లబడి పదేళ్లయింది.

ఇది నల్లగా ఉంది.